గేటు మీద నిలిచిపోయిన బొగ్గు బండి

మా హోదా పేరు గూడ్స్ గార్డు నుంచి గూడ్స్ ట్రైన్ మేనేజరుగా మారిన ఏడాది, మార్చి నెలలో, జగ్గయ్యపేట వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళే బొగ్గు బండి మీద నాకు డ్యూటీ పడింది. అప్పటికి నందిగామలో కాపురం ఉంటున్నాను. రిటైర్మెంటు దగ్గర పడుతోంది. హోదా పేరు మారినా జనానికి గాని, మా డ్రైవర్లకు గాని పాత అలవాటు పోలేదు. అందరూ గార్డనే పిలిచేవారు. ఇక్కడ నేనూ ఆ మాటే వాడతాను.

ప్రయాణికుల బండికి గార్డు ఉంటాడని అందరికీ తెలుసు. గూడ్సుకు గార్డెందుకని చాలామంది అడుగుతుంటారు. బొగ్గు బండి అంటే యాభైకి పైగా వ్యాగన్లు, ఇంచుమించు ముప్పాతిక కిలోమీటరు పొడవు. ముందు ఇంజనులో ఉన్న డ్రైవరుకు వెనక ఏం జరుగుతోందో కనపడదు. ఆ వెనక భాగానికి బాధ్యుడు గార్డు. ఆఖరున ఉండే బ్రేక్ వ్యాన్ అతని కార్యాలయం, భోజనశాల, అన్నీ. అందులో ఒక ఇనుప బల్ల, చేత్తో తిప్పే బ్రేకు చక్రం, గాలి ఒత్తిడి చూపించే మీటరు, దాని పక్కన ఒక వాల్వు ఉంటాయి. ఫ్యాను ఉండదు. మరుగుదొడ్డి ఉండదు. బండి కదిలినప్పుడు, ఆగినప్పుడు ముందున్న వ్యాగన్ల కుదుపులన్నీ పోగై చివరికి వ్యానులో ఉన్నవాడి మీద పడతాయి. నిలబడి నీళ్ళు తాగుతూ ఆ కుదుపుకు ఇనుప గోడకు కొట్టుకుని ముందు పళ్ళు పోగొట్టుకున్న గార్డులు నాకు తెలుసు.

ఆ వాల్వు గురించి ఒక మాట చెప్పాలి. ఇంజను నుంచి వ్యాను దాకా బండి పొడవునా ఒక గాలి గొట్టం ఉంటుంది. గొట్టం నిండా గాలి ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి. గాలి ఎక్కడ బయటికి పోయినా అన్ని వ్యాగన్ల బ్రేకులూ పట్టేస్తాయి. గార్డు తన వాల్వు తెరిస్తే డ్రైవరు ఎంత లాగినా బండి కదలదు. మళ్ళీ కదలాలంటే వాల్వు మూసి, గొట్టం మొత్తం ఇంజను చేత గాలి నింపించుకోవాలి. దానికి చాలాసేపు పడుతుంది. అందుకని ఆ వాల్వు మీద చెయ్యి వేసిన ప్రతి గార్డూ తరువాత ఎందుకు వేశావో సమాధానం చెప్పుకోవాలి.

ఆ రోజు పొద్దున ఎండ ముదరకముందే మేము ఫ్యాక్టరీకి చేరవలసింది. చేరలేదు. ఫ్యాక్టరీ సైడింగు, అంటే ఫ్యాక్టరీ లోపలికి వేసుకున్న సొంత లైను, ఖాళీగా లేదు. అంతకు ముందు వెళ్ళిన బండిని వాళ్ళు ఇంకా బయటికి వదల్లేదు. దాంతో మమ్మల్ని సిగ్నల్ దగ్గర ఆపేశారు. ఇంజను సిగ్నల్ దగ్గర ఆగితే, వెనక వ్యాగన్లు ఒక పల్లెకు వెళ్ళే లెవెల్ క్రాసింగు గేటు మీద అడ్డంగా నిలబడ్డాయి. నా వ్యానుకు, ఆ గేటుకు మధ్య పదీ పన్నెండు వ్యాగన్ల దూరం.

గేట్‌మన్ పేరు వెంకటేశ్వర్లు. సైన్యంలో పనిచేసి వచ్చి రైల్వేలో చేరినవాడు. చొక్కా నలగడం నేనెప్పుడూ చూడలేదు. స్టేషన్ మాస్టరుతో మాట్లాడే ఫోను అతని గేటు గదిలోనే ఉంటుంది. నేను దిగి వెళ్ళి అడిగితే, అతను కనుక్కుని, పది నిమిషాల్లో లైను ఇస్తారటండి అన్నాడు. ఆ పది నిమిషాలు అయ్యాక మళ్ళీ అడిగాం. మళ్ళీ పది నిమిషాలే. ఫ్యాక్టరీవాళ్ళు స్టేషన్ మాస్టరుకు, ఆయన మాకు, మేము గేటు దగ్గర నిలబడ్డ జనానికి, అందరం ఆ పది నిమిషాలనే పొద్దెక్కేదాకా చెప్పుకుంటూ వచ్చాం.

ఈలోగా మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళు టిఫిను డబ్బాలు చేతపట్టుకుని వ్యాగన్ల కిందనుంచి దూరి అవతలికి పోతున్నారు. నేను కేకలు వేశాను. ఒకామె రెండు వ్యాగన్లను కలిపే కప్లింగు కిందనుంచే తల తిప్పి చూసి, “ఇంతసేపటి నుంచి కదలంది ఇప్పుడే కదులుద్దా గార్డు గారూ?” అని అవతల తేలింది.

ఈ ప్రశ్నకు ముప్పై ఏళ్ళుగా సమాధానం చెప్తూ వచ్చాను. ఒక్కరూ విన్నట్టు నాకు గుర్తు లేదు. ఆగిన గూడ్సు బండి కదిలేటప్పుడు చెప్పి కదలదు. డ్రైవరు హారన్ కొట్టినా అది అరకిలోమీటరు ముందు. గాలి ఎదురుగా ఉంటే వెనక ఉన్నవాడికి వినపడదు. ఇంజను కదిలిన వెంటనే అన్ని వ్యాగన్లూ కదలవు. ప్రతి కప్లింగులోనూ కొంత సందు ఉంటుంది. ఒక్కొక్క సందూ బిగుసుకుంటూ ఆ లాగుడు వెనక్కి వస్తుంది. మన ముందున్న వ్యాగను అప్పటిదాకా గోడలా నిలబడి ఉంటుంది. మరుక్షణం ఒక్క గుంజుతో చక్రం తిరుగుతుంది. కింద ఉన్నవాడికి తల తీసుకునే వ్యవధి ఉండదు.

బండిని గేటు దగ్గర రెండుగా విడదీసి దారి ఇవ్వవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఇవ్వవచ్చు. దానికి పద్ధతి ఉంది. స్టేషన్ మాస్టరు అనుమతి కావాలి. అక్కడ లైను వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి, విడదీసిన వెనక భాగం దొర్లిపోకుండా వ్యాగన్ల చేతి బ్రేకులు ఒక్కొక్కటిగా బిగించాలి. నేను రెండుసార్లు అడిగించాను. ఆ సెక్షనులో ఏ బండి ఎప్పుడు కదలాలో ఫోను మీద నడిపించే అధికారిని కంట్రోలరు అంటాం. ఎక్కడో ఊళ్ళో ఆఫీసులో కూర్చుంటాడు. ఆయన రెండుసార్లూ, విడదీయవద్దు, పది నిమిషాల్లో లైను వస్తోంది అని చెప్పించాడు.

సరిగ్గా అప్పుడు పల్లెలోంచి ట్రాక్టరు వచ్చింది. దాని వెనక ట్రక్కులో తెల్లగుడ్డ కప్పిన శవపేటిక, దాని మీద బంతిపూలు. వెనక పాట పాడుకుంటూ జనం, ముందు పాస్టరు గారు. గేటు దగ్గరికి రాగానే పాట ఆగిపోయింది.

చనిపోయినామె పేరు మరియమ్మ. జీవితమంతా కూలికి వెళ్ళి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. కొడుకు ప్రకాశం కౌలుకు మిర్చి వేస్తాడు. కూతురు సుజాత నందిగామలో ఒక స్కూల్లో టీచరు. సమాధుల తోట లైనుకు అవతలి వైపున ఉంది. గొయ్యి తీసి పెట్టారు. అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టెను వేరే ఊరి వాళ్ళు అడిగారని ఆ పొద్దునే పంపేశారు. చుట్టూ తిరిగి పక్క గేటు మీదుగా పోదామంటే మధ్యలో కాలువ ఉంది, ట్రాక్టరు దిగదు. ఇదంతా వాళ్ళు నాకు ఒకేసారి, ఐదారుగురు కలిసి చెప్పారు.

సుజాత గారు ముందుకొచ్చారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి గాని, గొంతు మాత్రం క్లాసులో నిలబడ్డ గొంతే.

“మీ బండి ఎప్పుడు కదులుద్దండి?”

“తెలియదమ్మా.”

“తెలియకుండా బండి ఎట్లా నడుపుతున్నారండి?”

నా ఉద్యోగంలో నన్ను ఇంత న్యాయమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. పది నిమిషాలు అన్న మాట నోటిదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాను.

పాస్టరు గారు నా జేబు మీది పేరు చదివారు. “యోహాను గారూ, మీరూ మనవాళ్ళే. మీరే అడ్డుపడితే ఎట్లాగండి?” అన్నారు. మనవాళ్ళయినా కాకపోయినా చక్రం ఒకే రకంగా తిరుగుతుందండి అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నాకు అంతకు ముందే వచ్చి ఉంది.

అప్పటికి ప్రకాశం, మరో నలుగురు పేటికను ట్రక్కులోంచి దించేశారు. రెండు వ్యాగన్ల మధ్య కప్లింగు మీదుగా దాటించాలని వాళ్ళ ఆలోచన. ఇద్దరు కుర్రవాళ్ళు కిందనుంచి దూరి అవతల అందుకోవడానికి నిలబడ్డారు కూడా. నేను వెళ్ళి ఆ సందులో అడ్డంగా నిలబడ్డాను. అంటే, ఎక్కడ నిలబడవద్దని పొద్దుటి నుంచి అరుస్తున్నానో సరిగ్గా అక్కడే.

“తప్పుకోండి,” అన్నాడు ప్రకాశం. గట్టిగా అనలేదు.

“బండి కదిలిందంటే మీ అమ్మతోపాటు ఇంకో నలుగురికి గోతులు తియ్యాలి బాబూ.”

“అమ్మ ఎండలో ఉందండి. మీరు రూల్సు చెప్తున్నారు.”

మా నాన్నను ఒక మే నెలలో రెడ్డిగూడెం దగ్గర మా ఊళ్ళో ఇలాగే ఎండలో మోసుకుపోయాం. కాస్త నీడ కోసం ఎంత వెతుక్కున్నామో నాకు తెలుసు. తెలిసినా నేను తప్పుకోలేను. నన్ను తోసేయాలంటే వాళ్ళకు ఒక్క నిమిషం పని.

వాకీటాకీలో డ్రైవరు శ్రీనివాసరావును పిలిచి, గేటు మీద మనుషులు ఉన్నారు, నేను చెప్పేదాకా కదపవద్దు అని చెప్పాను. సరే అన్నాడు. మధ్యలో గరగర. సగం మాటే వినపడింది. వాకీటాకీలో మాట బ్రేకు కాదు. సిగ్నల్ వస్తే పక్కన ఉన్న అసిస్టెంటు డ్రైవరు చెప్తాడు, కంట్రోలరు తొందర పెడతాడు, నా మాట అతనికి పూర్తిగా వినపడిందో లేదో దేవుడికే తెలియాలి. నాకు కావలసింది గాలి పోయిన గొట్టం. వాల్వేమో వ్యానులో ఉంది. నేను వ్యానుకు వెళ్తే వీళ్ళు దాటేస్తారు. ఇక్కడే ఉంటే బ్రేకు లేదు.

వెంకటేశ్వర్లును పిలిచి నా స్థానంలో నిలబెట్టాను. “నేను వెళ్ళి ప్రెషర్ తీసేస్తా. నేను చెయ్యి ఊపేదాకా ఒక్కణ్ణి కూడా రానివ్వకు,” అన్నాను. ప్రకాశంతో కూడా చెప్పాను, ఐదు నిమిషాలు ఆగితే నేనే దాటిస్తానని. అతను తల ఊపాడు. ఆ పొద్దున నా మాట విన్న మొదటి మనిషి అతనే.

కంకర మీద పరుగెత్తడం అలవాటున్నవాడికి కూడా కష్టం. మధ్యలో ఒకసారి పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. వ్యాను ఎక్కి వాల్వు తెరిచాను. గాలి బుస్సుమని బయటికి వచ్చి, మీటరు ముల్లు కిందికి పడిపోయింది. వ్యాను వరండాలోకి వచ్చి చెయ్యి ఊపాను.

నేను మళ్ళీ గేటు చేరేలోపే వాకీటాకీ అరవడం మొదలుపెట్టింది. శ్రీనివాసరావుకు ఇంజనులో ఒత్తిడి పడిపోవడం కనపడి, బండి ఎక్కడన్నా తెగిందేమోనని గుండె జారిపోయింది. తెగలేదు, నేనే తీశాను అని చెప్పాను. కాసేపటికి అతను మళ్ళీ పిలిచి, “సిగ్నల్ ఇప్పుడే వచ్చింది గార్డు గారూ,” అన్నాడు.

పొద్దుటి నుంచి రాని సిగ్నల్ అప్పుడు వచ్చింది. ఆ మాట వినేసరికి నేను గేటు దగ్గరున్నాను. నా ఎదురుగా పేటిక సగం ఇవతల, సగం అవతల, కప్లింగు మీద ఉంది. ప్రకాశం రెండు వ్యాగన్ల మధ్య కంకరలో నిలబడి దాన్ని భుజంతో మోస్తున్నాడు.

పేటిక దాటింది. అది ఒక్కటీ దాటితే అయిపోతుందని నేను అనుకున్నాను. కాని పేటిక వెనక జనం ఉంటారు కదా. ముసలమ్మలు ఒక్కొక్కరూ కప్లింగు ఎక్కలేక దిగలేక, మనవళ్ళ చేతులు పట్టుకుని దాటుతున్నారు. ఒకామె చెప్పు అవతల పడింది, మళ్ళీ దాని కోసం వెనక్కి వచ్చింది. ఒకాయన కప్లింగు మీద నిలబడి, ఇప్పుడే బయలుదేరామని ఎవరితోనో ఫోనులో తీరిగ్గా మాట్లాడుతున్నాడు. దిగండి మహాప్రభో అని నేనంటే, ఒక్క నిమిషం ఆగమన్నట్టు వేలు చూపించాడు.

గేటు గదిలో ఫోను మోగుతూనే ఉంది. తీస్తే కంట్రోలరు.

“ఎవరిని అడిగి ప్రెషర్ తీశారండి?”

“ఎవరినీ అడగలేదండి.”

“సిగ్నల్ ఇచ్చాక బండి నిలబెట్టారు. రాసుకుంటున్నా.”

రాసుకోండి అన్నాను. గేటు మీద శవయాత్ర ఉందని కూడా రాసుకోండి అన్నాను. అది ఆయన రాసుకోలేదని తరువాత తెలిసింది.

అందరూ దాటాక నేను, వెంకటేశ్వర్లు రెండు వైపులా కిందికి వంగి చూశాం. ఎవరూ లేరు. అవతల పాట మళ్ళీ మొదలైంది. ట్రాక్టరు డ్రైవరు మాత్రం ఇవతల వేపచెట్టు కింద పడుకున్నాడు. ఇక ఎవరినీ రానివ్వవద్దని వెంకటేశ్వర్లుకు చెప్పి వ్యానుకు వెళ్ళాను. వాల్వు మూసి, గాలి నిండేదాకా మీటరు ముందు కూర్చున్నాను. ముల్లు మెల్లగా పైకి పాకుతోంది. గేట్‌మన్ దూరం నుంచి పచ్చజెండా చూపించాడు. నేను డ్రైవరుకు బయలుదేరమని చెప్పి, నా పచ్చజెండా పట్టుకుని వరండాలో నిలబడ్డాను. హారన్ వినపడీ వినపడనట్టు వినపడింది.

అప్పుడు ఆటో వచ్చింది.

అందులోంచి దిగినాయన మరియమ్మ గారి తమ్ముడు. పరిటాల నుంచి బస్సులో వచ్చి, రోడ్డు దగ్గర ఆటో ఎక్కాడు. చేతిలో పెద్ద పూలదండ. అవతల పాట వినపడింది, ఎదురుగా నిలబడి ఉన్న బండి కనపడింది. గేటు కడ్డీ కిందనుంచి దూరి నేరుగా కప్లింగు దగ్గరికి వెళ్ళి వంగాడు. వెంకటేశ్వర్లు జెండా పారేసి పరుగెత్తడం నాకు కనపడింది. ముందు నుంచి కప్లింగులు ఒక్కొక్కటీ బిగుసుకుంటున్న చప్పుడు నా వైపు వస్తోంది.

నేను వెనక్కి తిరిగి వాల్వు లాగేశాను. ఆ కుదుపుకు బ్రేకు చక్రం మీద పడ్డాను. పక్కటెముకలు చాలా రోజులు నొప్పి పెట్టాయి. బండి రెండు మూడు వ్యాగన్ల దూరం ఈడ్చుకుపోయి ఆగింది.

నేను వెళ్ళేసరికి ఇద్దరూ లైను పక్కన కంకరలో ఉన్నారు. వెంకటేశ్వర్లు ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ఆయన బయటికి వచ్చాడు. లాగినవాడి చెయ్యి మాత్రం ఇంకా లోపలే ఉంది. కదులుతున్న వ్యాగను ఇనుప మెట్టు మోచేతికి తగిలింది. ముంజేయి ఉండవలసిన తీరుగా లేదు. అతను పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. చొక్కా మొదటిసారి నలిగింది.

పరిటాల పెద్దాయన లేచి, పంచెకు అంటిన బొగ్గుపొడి దులుపుకున్నాడు. దండలో పూలు రాలాయేమోనని చూసుకున్నాడు. తరువాత నన్ను అడిగాడు:

“గార్డు గారూ, ఇప్పుడు ఆగింది కదా, అవతలికి పోవచ్చా?”

ఆయన్ని కొట్టకుండా ఉండటానికి నా జెండా కర్రను రెండు చేతులా పట్టుకున్నాను.

అరుపులు విని సమాధుల తోట నుంచి కొందరు వెనక్కి వచ్చారు. వాళ్ళలో సుజాత గారు ఉన్నారు. చూసిన వెంటనే ఆమెకు విషయం అర్థమైంది. ఎవరినీ ఏమీ అడగకుండా, గేటు గదిలోంచి జెండా కర్రలు రెండు తెప్పించి, ఒక తువ్వాలు చింపి, చేతికి కట్టు కట్టారు. ఎప్పుడో ఎన్‌సీసీలో నేర్చుకున్నారట. “అన్నా, కదపబాకండి,” అంటూ మెడకు వేలాడదీశారు. తరువాత మేనమామ వైపు తిరిగారు.

“మావయ్యా, నీకేమన్నా బుద్ధుందా?”

“అక్కకు దండేద్దామని వచ్చానమ్మా,” అన్నాడు ఆయన. ఆ మాటతో ఆయన మొహం మారిపోయింది. అక్కడే కంకరలో కూలబడి ఏడ్చాడు. నా కోపం తగ్గలేదు. కాని దాన్ని ఎవరి మీద పెట్టాలో అప్పుడు తెలియలేదు.

నూట ఎనిమిది అంబులెన్సు వచ్చింది. వెంకటేశ్వర్లు ఎక్కనన్నాడు. గేటు ఇంకొకరికి అప్పగించకుండా వదిలి వెళ్ళకూడదు, అది నియమం. నేను బండి వదలలేను కాబట్టి నాకు అప్పగించడానికి లేదు. అంబులెన్సు వాళ్ళు విసుక్కున్నారు, సుజాత గారు బతిమాలారు, స్టేషన్ మాస్టరు ఫోనులో వెళ్ళమన్నాడు. వెళ్ళమంటున్నారు సరే, నా తరువాత గేటు ఎవరిది అని అడిగాడు వెంకటేశ్వర్లు. చివరికి స్టేషన్ నుంచి ఇంకొక మనిషి మోటారు సైకిలు మీద వచ్చేదాకా, ఆ చెయ్యి అలాగే పెట్టుకుని గేటు గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. వచ్చినవాడికి తాళాలు, ఫోను, గేటు మూసి ఉన్న సంగతి, బండి నిలబడి ఉన్న సంగతి వరుసగా చెప్పి, అప్పుడు జగ్గయ్యపేట ఆసుపత్రికి బయలుదేరాడు.

పరిటాల పెద్దాయన్ని నేనే చెయ్యి పట్టుకుని దాటించాను. ప్రెషర్ ఎలాగూ లేదు.

మళ్ళీ గాలి నింపుకుని ఫ్యాక్టరీ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సైడింగులో సూపర్‌వైజరు గడియారం చూసుకుంటూ ఎదురొచ్చాడు. “ఇంత లేటు చేశారేందండి? మా లేబరంతా ఖాళీగా కూర్చున్నారు,” అన్నాడు. నేను సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

విచారణ జరిగింది. మా శాఖలో ఏం జరిగినా ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు కూర్చుని, ఎవరిది తప్పో తేలుస్తారు. నన్ను అడిగిన మొదటి ప్రశ్న, సిగ్నల్ ఇచ్చాక ప్రెషర్ ఎందుకు లేదని. సిగ్నల్ రాకముందే తీశానన్నాను. అయితే ఎవరి అనుమతితో తీశారని రెండో ప్రశ్న. వెంకటేశ్వర్లు సంగతి ఇంకా చిక్కుగా ఉంది. మనిషిని లాగబోయి దెబ్బ తగిలిందని ఒప్పుకుంటే అది డ్యూటీలో గాయం. జీతంతో సెలవు, వైద్యం, అన్నీ ఉంటాయి. మూసిన గేటు మీద జనాన్ని దాటనిస్తూ తానే లైనులోకి వెళ్ళాడని రాస్తే అవన్నీ అనుమానమే. సాక్షిగా పరిటాల పెద్దాయనకు ఫోను చేశారు. ఆయన్ని ఎవరో బెదరగొట్టినట్టున్నారు. “నేనసలు ఆ రోజు ఊరు కదల్లేదండి,” అన్నాడట. సొంత అక్క సమాధికి వెళ్ళలేదని చెప్పాడు. ఆ మాట విని నేను నవ్వాను. ఇన్‌స్పెక్టర్లలో ఒకాయన నా నవ్వును కూడా తప్పుగానే తీసుకున్నాడు.

సుజాత గారు స్కూలుకు సెలవు పెట్టి, పాస్టరు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. నేను కూడా పిలవలేదు. బయట బెంచీ మీద పొద్దంతా కూర్చోబెడితే కూర్చున్నారు. లోపలికి రానిచ్చాక ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పారు: తమవాళ్ళు నన్ను తప్పుకోమన్నారని, తాను కూడా నన్ను నిలదీశానని, తన మేనమామ వచ్చాడని, గేట్‌మన్ లాగకపోతే అదే రోజు ఇంకో సమాధి కట్టవలసి వచ్చేదని. “మా మావయ్య భయపడి అబద్ధం చెప్పాడండి. నేను టీచర్ని, పిల్లలకు రోజూ చెప్పేదానికి నేనే తప్పలేను,” అన్నారు. పాస్టరు గారు అవునవునన్నారు. నాతో మాత్రం మాట్లాడలేదు. ఆయన కోపం ఇంకా పోలేదు.

చివరికి వెంకటేశ్వర్లు గాయాన్ని డ్యూటీలో గాయంగా రాశారు. అదే నివేదికలో, మూసిన గేటు మీద జనాన్ని అనుమతించినందుకు అతనికి మందలింపు కూడా రాశారు. నాకూ ఒకటి వచ్చింది. రెండింటినీ ఒకే కాగితం మీద ఎలా రాయగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫ్యాక్టరీ పది నిమిషాల గురించి అందులో ఒక్క ముక్క లేదు. వెంకటేశ్వర్లు చెయ్యి అతుక్కుంది గాని పూర్తిగా చాపలేడు. గేటు చక్రం తిప్పలేడని స్టేషనులో ఆఫీసు పని ఇచ్చారు. అతనికి ఆ పని నచ్చలేదు. నేను రిటైరయ్యేనాటికి కూడా, మళ్ళీ గేటుకు పంపమని అర్జీలు పెడుతూనే ఉన్నాడు.

ఆ గేటు తీసేసి ఇప్పుడు కింద అండర్‌పాస్ కట్టారు. వానాకాలం అందులో నడుం లోతు నీళ్ళు నిలుస్తాయి. అప్పుడు జనం మళ్ళీ పట్టాల మీదనుంచే పోతారు. బండి నిలబడి ఉంటే కిందనుంచి దూరతారు. కాకపోతే, ఇప్పుడు అక్కడ లాగడానికి గేట్‌మన్ లేడు.

ఈ సంఘటన తరువాత, నాతో శిక్షణకు వచ్చిన కొత్త గార్డులకు ఒకే మాట చెప్తూ వచ్చాను. పేటిక దాటుతున్నంతసేపు మా అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. బ్రేకులు పట్టి ఉన్నాయి. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. అది దాటిపోయి, ఇక అయిపోయిందని అందరం ఎవరి చోటికి వాళ్ళం వెళ్ళాక మనిషికి దెబ్బ తగిలింది. అందుకని బండి కదిపే ముందు గేటు ఖాళీయేనా అని గేట్‌మన్‌ను అడగండి. ఖాళీ అంటాడు. గాలి నిండాక, డ్రైవరుకు చెప్పబోయే ముందు, మళ్ళీ అడగండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.